ఇంకా మూడేళ్లా అని అడిగిన పాలకొల్లు అమ్మగారికి

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో పీడియాట్రిక్స్ రెసిడెన్సీ (పిల్లల వైద్యంలో పీజీ శిక్షణ) రెండో ఏడు చేస్తోంది. శిక్షణ కోసం ఇచ్చే జె-1 వీసా. అయ్యాక మళ్లీ నియోనేటాలజీ (నెలలు నిండని, జబ్బుపడ్డ పసికందుల వైద్యం) ఫెలోషిప్ చేస్తానంటోంది. ఇప్పటికే 29 ఏళ్లు. అది మంచిదా, మామూలు పిల్లల డాక్టరుగా ఉద్యోగంలో చేరడం మంచిదా?

జవాబు: అమ్మా, పైన వేసింది మీ ఉత్తరంలో కొంతే. మిగతాదంతా వచ్చిన సంబంధాల గురించే. తప్పని అనను. పీజీ దాకా ఓపిక పట్టిన ఇళ్లన్నీ సరిగ్గా ఇక్కడే ‘ఇంకెన్నాళ్లు’ అంటాయి. అందుకే ముందు ఆ బెంగ సంగతి.

ఫెలోషిప్ మీరు ఫీజు కట్టే చదువు కాదు. మూడేళ్లూ నెలనెలా జీతం వస్తుంది, రెసిడెన్సీలో కన్నా కాస్త ఎక్కువే. అందులో కనీసం ఒక ఏడాది పరిశోధనకు పోతుంది. ఆ నెలల్లో రాత్రి డ్యూటీలు తగ్గుతాయి కాబట్టి చాలామంది పెళ్లీ, కాన్పూ అప్పుడే చూసుకుంటారు. మీ అమ్మాయి జీవితం ఆగిపోవడం లేదు.

నా సందేహం వేరే ఉంది. ఈమధ్య నియోనేటాలజీ అంటే మోజు పెరిగింది, కారణం జీతం. పిల్లల వైద్యంలో ఎండోక్రైనాలజీ, ఇన్ఫెక్షియస్ డిసీజెస్ లాంటివి మూడేళ్లు అదనంగా చేసినా మామూలు పిల్లల డాక్టరుకన్నా ఎక్కువ రాకపోవచ్చు. నియోనేటాలజీలో వస్తుంది. కానీ ఆ డబ్బు రాత్రుళ్లకు ఇచ్చేది. యాభై ఏళ్ల వయసులోనూ ఆసుపత్రిలోనే పడుకోవాల్సిన రాత్రులుంటాయి. అర కిలో బరువుతో 23 వారాలకే పుట్టిన బిడ్డ గొంతులోకి ట్యూబు వేయాలి. అంత ముందుగా పుట్టిన బిడ్డకు చికిత్స మొదలుపెట్టాలా వద్దా అన్నదాంట్లో అక్కడ కూడా ఆసుపత్రికో తీరు. ఆ మాట తల్లిదండ్రులతో మాట్లాడాల్సింది మీ అమ్మాయే. జీతం చూసి వెళ్లిన ఒకబ్బాయి రెండో ఏడు మధ్యలో నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. పని రాక కాదు. ఇళ్లకు వెళ్లిన పిల్లలు ఎందరున్నా, వెళ్లనివాళ్లే అతనికి గుర్తుండిపోయారు.

అయినా ఈ శాఖ మీద ప్రేమ ఎందుకు పుడుతుందో కూడా తెలుసుకోండి. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కొడుకు అయిదున్నర వారాల ముందు పుట్టాడు. బరువు రెండు కిలోల పైనే. ఊపిరితిత్తులు విచ్చుకోక 39 గంటల్లో పోయాడు. అధ్యక్షుడి బిడ్డకే చేయగలిగింది లేకపోయింది. 1990లో ఊపిరితిత్తులు విచ్చుకునేలా చేసే సర్ఫాక్టెంట్ మందుకు అక్కడ అనుమతి వచ్చింది. ఈరోజు అలాంటి బిడ్డ మామూలుగా ఇంటికెళ్తాడు. దాన్ని కళ్లారా చూసిన పిల్లకు ‘ఎందుకమ్మా ఇదంతా’ అంటే చివుక్కుమంటుంది.

అసలు పోల్చి చూడాల్సింది వీసా దగ్గర. జె-1 మీద శిక్షణకు మామూలుగా ఏడేళ్లు గడువు. రెసిడెన్సీ మూడూ ఫెలోషిప్ మూడూ ఆరు, సరిపోతుంది. ఆ తర్వాత రెండేళ్లు ఇండియాకు రావాలి, లేదా మినహాయింపు తెచ్చుకుని డాక్టర్ల కొరత ఉన్నచోట మూడేళ్లు పనిచేయాలి. కాన్‌రాడ్ పథకం కింద ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 మినహాయింపులే. చాలా రాష్ట్రాలు ముందు మామూలు పిల్లల డాక్టర్ల లాంటివాళ్లకే ఇస్తాయి. పైగా నియోనేటాలజిస్టుకు ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ) ఉన్న ఆసుపత్రే కావాలి. ఇందులో మామూలు ఉద్యోగానిదే పైచేయి, దాచను. అలాగని ముందు ఉద్యోగం చేసి తర్వాత ఫెలోషిప్ చూసుకుంటుందిలే అనకండి. మినహాయింపు తీసుకున్నాక మళ్లీ జె-1 రాదు, హెచ్-1బి అనే ఉద్యోగ వీసా ఇచ్చే ప్రోగ్రాములు వెతుక్కోవాలి. ఫెలోషిప్‌కు ఢిల్లీలోని ఆరోగ్య శాఖ నుంచి, ఆ శిక్షణ మన దేశానికి అవసరమేనని కొత్తగా ఉత్తరం కూడా కావాలి. దాని పని మీరు ఇక్కడి నుంచి కనుక్కోండి. సంబంధాలు వెతకడం కన్నా ఆమెకు అది ఎక్కువ సాయం.

మూడో ఏడు మొదలయ్యే జూలైలో దరఖాస్తులు వెళ్తాయి, డిసెంబరు మొదట్లో మ్యాచ్ ఫలితం, అంటే ఎవరికి ఎక్కడ సీటు వచ్చిందో తెలిసేది. సిఫార్సు ఉత్తరాలు రాయాల్సిన నియోనేటాలజిస్టులు అంతకుముందే ఆమె పని చూసి ఉండాలి. అంటే ఇప్పుడే. రాత్రంతా డ్యూటీ చేసి అప్పుడే కన్నుమూసిన పిల్లకు ఇక్కడి సాయంత్రం ఏడున్నరకు ఫోన్ చేసి ‘బయోడేటా చూశావా’ అని అడుగుతున్నానని మీరే రాశారు. అమ్మా, అది మానండి. ఆమె నిద్ర పాడుచేసే హక్కు మీకు లేదు.

ఎన్‌ఐసీయూలో ఇంకో నెల ఎలక్టివ్ (తానే ఎంచుకునే డ్యూటీ) తీసుకోమనండి. అది అయ్యాక, ఆమెకు సెలవున్న రోజు చూసి, రాత్రి రెండింటికి డెలివరీ రూముకు పిలిచినప్పుడు ఏమనిపించిందో అడిగి, ఆమె చెప్పిందంతా వినండి. వద్దనిపిస్తే ఆమే మానుకుంటుంది. సంబంధం వాళ్లకు మాత్రం ఉన్నమాట చెప్పేయండి: ఫెలోషిప్ ఏ ఊళ్లోనో మ్యాచ్ రోజు దాకా అమ్మాయికే తెలియదని.