పూర్వ పరిశోధనల సమీక్షలో వాదన కనిపించాలంటే

తెలుగులో చతుర్థీ కర్తల (‘కి/కు’ ప్రత్యయం చేరిన కర్తల) మీద సిద్ధాంత వ్యాసం రాస్తున్నాననీ, సమీక్షాధ్యాయాన్ని పర్యవేక్షకులు ‘ఇందులో మీ వాదన ఏది?’ అని తిప్పి పంపారనీ రాశారు. మీరు చూపిన భాగంలో ఒక్కొక్క పండితుడికి ఒక్కొక్క పేరా ఉంది. అసలు చిక్కు అదే.

అధ్యాయాన్ని వ్యక్తుల వారీగా కాక వివాదాంశాల వారీగా తిరిగి కట్టండి. ‘రాముడికి తన తమ్ముడి మీద కోపం వచ్చింది’ అన్న వాక్యం తీసుకోండి. ‘తన’ రాముణ్ణి సూచిస్తోంది కనుక అతడికి కర్త లక్షణం ఉందనిపిస్తుంది. అయితే క్రియ మాత్రం ‘వచ్చాడు’ కాకుండా ‘వచ్చింది’ అయి, ‘కోపం’తోనే పొందిక పాటిస్తోంది. ‘తన’ ఎవరిని సూచిస్తుంది, క్రియ దేనితో పొందిక పాటిస్తుంది అన్న ఈ రెండు పరీక్షలూ రెండు వైపులకు లాగుతున్నప్పుడు ఎవరు దేనికి ప్రాధాన్యమిచ్చారు, ఎందుకిచ్చారు, ఏ రకం వాక్యాలను పరిశీలించకుండా వదిలేశారు అని అడుగుతూ పోతే, వదిలేసిన ఆ వాక్యాల దగ్గరే మీ పరిశోధన ప్రశ్న దొరుకుతుంది. నా దృష్టిలో, ఆ ప్రశ్నకు సంబంధం లేని సారాంశం ఎంత బాగా కుదిరినా తీసివేయవలసిందే.

ఉదాహరణలకు లైప్‌జిగ్ గ్లాసింగ్ నియమాలు (భాషాశాస్త్రంలో ఉదాహరణ వాక్యాలను భాగాల వారీగా వివరించే పద్ధతి) పాటించండి: పదాంశాలుగా, అంటే అర్థం గల చిన్న భాగాలుగా, విడదీసిన వాక్యం, దాని కింద సరిగ్గా ఆయా పదాంశాల వివరణ, ఆ తర్వాత స్వేచ్ఛానువాదం. ఆ వివరణలో వాడే సంక్షిప్త రూపాల పట్టికను ముందే తయారు చేసుకుంటే ‘కి’ ప్రత్యయానికి ఒక్కో అధ్యాయంలో ఒక్కో గుర్తు పడే ప్రమాదం ఉండదు.

తిరగరాయడం మొదలుపెట్టే ముందు, వివాదాంశాల జాబితాను ఒక్క పేజీలో రాసి పర్యవేక్షకులకు చూపించండి.