పాల గేదెకూ షుగర్ జబ్బు వస్తుందా?

ప్రశ్న: మా గ్రేడెడ్ ముర్రా గేదె ఈని మూడు వారాలైంది. దాణా ముట్టడం లేదు, వరిగడ్డి మాత్రం నములుతోంది. రోజుకు 12 లీటర్లు ఇచ్చేది, ఇప్పుడు 6 కూడా రావట్లేదు. బాగా చిక్కిపోయింది. ఊపిరిలో అదో రకం తీపి వాసన. నీరసమేమోనని బెల్లం నీళ్లు పోస్తున్నాం. నాకు షుగర్ ఉంది, గేదెకూ అదేనా?
– ఒక పాడి రైతు, అమలాపురం దగ్గర

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు కీటోసిస్‌కు సరిపోతున్నాయి. ఇది షుగర్ జబ్బు కాదు, దాదాపు దానికి ఎదురు. పెద్దవాళ్లలో సాధారణంగా వచ్చే షుగర్‌లో రక్తంలో చక్కెర ఉన్నా కణాల్లోకి సరిగా వెళ్లదు. మీ గేదెకు రక్తంలోనే చక్కెర తరిగిపోతోంది.

గ్లూకోజ్ తనంతట తాను కణంలోకి పోలేదు. కణం పొరలోని రవాణా ప్రోటీన్లు దాన్ని లోపలికి చేర్చాలి. కండరాల్లో, కొవ్వులో ఇవి కాలువ తూముల్లాంటివి, ఇన్సులిన్ తలుపు ఎత్తితేనే పారతాయి. పొదుగుకు ఇన్సులిన్‌తో పనిలేదు, రక్తంలో ఉన్నదాన్ని లాగేసుకుంటూనే ఉంటుంది. ఈనిన కొత్తలో ఒంట్లో ఇన్సులిన్ తగ్గి, కండరాల వాటా కూడా పాలకే పోతుంది. దూడ బతకడానికి ఉన్న ఏర్పాటే ఇది. కానీ లీటరు పాలకు సుమారు 70 గ్రాముల గ్లూకోజ్ కావాలి, అంటే 12 లీటర్లకు 840 గ్రాములు. మేత అంత ఇవ్వలేనప్పుడు ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. అక్కడ పూర్తిగా ఖర్చుకాక కీటోన్లనే పదార్థాలుగా మారుతుంది. అవి పెరిగితే ఆకలి చచ్చిపోతుంది, తినకపోతే ఇంకా కొవ్వు కరుగుతుంది.

బెల్లం నీళ్లు ఈరోజే ఆపండి. మనకులాగా గేదెకు బెల్లం నేరుగా రక్తంలో చేరదు. పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులే దాన్ని తినేసి ఆమ్లాలుగా మారుస్తాయి, వాటిలో బ్యుటిరిక్ ఆమ్లం మళ్లీ కీటోనే అవుతుంది. గేదెకు కావలసిన గ్లూకోజ్‌ను ఎక్కువగా కాలేయమే, పొట్టలో తయారయ్యే మరో ఆమ్లమైన ప్రొపియోనిక్ ఆమ్లం నుంచి తయారుచేసుకుంటుంది.

వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి, సంచార పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేసినా సరే. స్ట్రిప్‌తో మూత్రంలో కీటోన్లు చూస్తారు. జ్వరం, గర్భాశయంలో చీము, పొట్టలో మేకు లాంటివి ఉన్నా గేదె మేత మానేసి ఇలాగే అవుతుంది, కాబట్టి అవీ చూడమనండి. నరానికి డెక్స్ట్రోజ్ (గ్లూకోజ్) ఎక్కించగానే లేచి తిరిగినా మందు ఆపకండి, డెక్స్ట్రోజ్ ప్రభావం కొన్ని గంటలే. కాలేయం గ్లూకోజ్‌గా మార్చుకోగల ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవాన్ని నోటి ద్వారా కొన్ని రోజులు తాగించమంటారు, డాక్టరు చెప్పిన మోతాదు దాటకండి. తాగించేటప్పుడు తల మరీ పైకెత్తకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు.

వరిగడ్డి మీదే ఉంచితే ఈ లోటు తీరదు. పిల్లిపెసర, జనుము, మొక్కజొన్న చొప్ప దొరికినంత పెట్టండి. మొక్కజొన్న నూక కలిపిన దాణా కొంచెం కొంచెంగా, రోజుకు మూడు నాలుగుసార్లు ఇవ్వండి. ఒక్కసారే ఎక్కువ పెడితే పొట్ట పులుస్తుంది.

వచ్చే ఈతకు ముందు, చూడి గేదెను వట్టిపోయిన నెలల్లో మరీ కొవ్వెక్కనివ్వకండి. ఈనడానికి మూడు వారాల ముందే దాణా మొదలుపెట్టి మెల్లగా పెంచండి. ఈనాక రెండో వారం, మూడో వారం స్ట్రిప్ పరీక్ష చేయించండి, గేదె హుషారుగా కనిపించినా సరే.