జావాస్క్రిప్ట్ ఎర్రర్ ఒక్క కస్టమర్‌కే ఎందుకు వస్తుంది?

‘జేఎస్‌పీ పేజీలో ఒక్క కస్టమర్ ఆర్డర్ తెరిస్తేనే బటన్లు పనిచేయవు, మిగతావన్నీ బాగున్నాయి, ఎలా పట్టుకోవాలి?’ అని అడిగారు. ముందు ఆ జేఎస్‌పీ ఫైలు (సర్వర్‌లో జావాతో పేజీని తయారుచేసేది) మూసేయండి. బ్రౌజర్‌కి చేరేది దాన్నుంచి తయారైన హెచ్‌టీఎంఎల్. ఎర్రర్‌లో లైన్ నంబరు కూడా దానిదే. కంట్రోల్ యూ నొక్కితే అది, అంటే పేజీ సోర్స్, కనిపిస్తుంది, అక్కడ చూడండి.

మా డెలివరీ ఆర్డర్ల పేజీలోనూ ఇదే గోల. సేవ్ నొక్కితే ‘సేవ్‌ఆర్డర్ ఈజ్ నాట్ డిఫైన్డ్’. ఫంక్షనేమో ఫైల్లో కళ్ళెదురుగానే ఉంది! టీమంతా దాని చుట్టూనే తిరిగింది. ఒకాయన క్యాష్ క్లియర్ చేయమన్నాడు (ఆయన అన్నిటికీ అదే చెప్తాడు). టెస్టర్ స్క్రీన్‌షాట్‌ని చివరి ఎర్రర్ దాకా కత్తిరించి పంపింది మరి. బ్రౌజర్‌లో ఎర్రర్లు చూపించే కన్సోల్‌ని పైకి జరిపితే అసలుది దొరికింది: ‘ఇన్వాలిడ్ ఆర్ అనెక్స్‌పెక్టెడ్ టోకెన్’. పేజీ సోర్స్‌లో ఆ లైను చూస్తే, కోట్స్ మధ్య కస్టమర్ అడ్రసు. ‘రామాలయం ఎదురు సందు’ అని రాసి, ఎంటర్ కొట్టి, కింద ‘పాలకేంద్రం మేడ మీద’ అన్నాడు. మామూలు కోట్స్‌లో స్ట్రింగ్ (కోట్స్ మధ్య రాసే అక్షరాలు) అలా మధ్యలో విరగకూడదు. విరిగితే ఆ స్క్రిప్ట్ బ్లాక్‌లో ఒక్క లైనూ నడవదు, సేవ్‌ఆర్డర్ పుట్టనే పుట్టదు. అందుకే ఎప్పుడూ మొదటి ఎర్రర్ చదవాలి.

కోట్స్ తీసి, మధ్యలో లైను విరిగినా ఊరుకునే బ్యాక్‌టిక్ (`) పెడదామన్నారు. రేపు ఎవరో అడ్రసులో బ్యాక్‌టిక్ కొడితే? కావాలని కోడే రాస్తే? డేటాని జాక్సన్ అనే జావా లైబ్రరీతో జేసన్‌గా (జావాస్క్రిప్ట్ చదవగలిగే డేటా రూపం) మార్చి, అందులో లెస్ దేన్ గుర్తుని (<) యూనికోడ్ ఎస్కేప్ చేశాం, అంటే గుర్తు బదులు దాని కోడ్ నంబరు రాశాం. లేకపోతే అడ్రసులో స్క్రిప్ట్ ముగింపు ట్యాగ్ ఉన్నా బ్లాక్ అక్కడే తెగుతుంది. పైథాన్ వాళ్ళ జాంగో ఫ్రేమ్‌వర్క్‌లో అయితే 2.1 వెర్షన్ నుంచి ‘జేసన్ స్క్రిప్ట్’ ఫిల్టర్ ఈ పనంతా చేస్తుంది.

నన్నడిగితే అసలు దోషం టెస్ట్ డేటాది. ‘టెస్ట్, టెస్ట్, హైదరాబాద్’ అని కొట్టే టీముల్లో ఇలాంటివి ఎప్పటికీ బయటపడవు. మనవాళ్ళ అడ్రసుల్లో గుడి, బడి, స్లాష్‌లతో డోర్ నంబర్లు, ‘వచ్చాక ఫోన్ చెయ్యండి’ అన్నీ ఉంటాయి. ఇంటర్వ్యూల్లో క్లోజర్, హాయిస్టింగ్ లాంటి జావాస్క్రిప్ట్ థియరీ అడిగేవాళ్ళే గానీ పేజీ సోర్స్ తెరిచి చూపించమన్నవాడు నాకు ఒక్కడూ తగల్లేదు.

ఇంకోటి, మీ పేజీ ఫారం పోస్ట్ చేశాక వచ్చేదైతే కంట్రోల్ యూని నమ్మకండి, అది పేజీని మళ్ళీ తెప్పించి వేరేది చూపించొచ్చు. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్‌లో రెస్పాన్స్ (సర్వర్ పంపినది) చూసి, ఆ కస్టమర్ అడ్రసు ఎలా వచ్చిందో ఇక్కడ పెట్టండి. పేరు, ఫోన్ నంబరు తీసేసి.