బెలోస్ ఎందుకు పగిలిందో తెలియకుండా కొత్తది కొనవద్దు

మీ పన్నెండు టైర్ల బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) లారీకి బెలోస్, అంటే ఇంజన్ పొగ గొట్టం మధ్యలో వంగేలా ఉండే ముడతల గొట్టం, ఏడాదిలో రెండోసారి పగిలిందని, ఈసారి కంపెనీ పార్టు తీసుకోవాలా, బయట సగం ధరకు దొరికేది వేయించాలా అని అడిగారు. వాడపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు తోలే లారీలు మా ఇంట్లో నాన్నగారి కాలం నుంచి ఉన్నాయి కాబట్టి ఈ విషయంలో నాది గట్టి అభిప్రాయమే. ఏ పార్టు కొనాలన్నది తర్వాత సంగతి, ఉన్నది ఎందుకు పోయిందన్నది ముందు తేలాలి. ఒకే చోట రెండుసార్లు పగిలిందంటే నూటికి తొంభై పాళ్లు తప్పు ఆ గొట్టంలో ఉండదు.

మా బావగారి బండికి అచ్చంగా ఇదే జరిగింది. మిర్యాలగూడ మీదుగా సిమెంటు లోడుతో హైదరాబాదు వెళ్తుండగా నార్కట్‌పల్లి దగ్గరికి వచ్చేసరికి బండి లాగడం తగ్గి, క్యాబిన్ కింద నుంచి పటపటమని చప్పుడు మొదలై, డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు వెలిగింది. అంతకుముందు చౌక బెలోస్ వేయిస్తే పగిలిందని, ఆయన ఈసారి కంపెనీ డబ్బాలో వచ్చిన దాన్నే వేయించారు. అదీ అక్కడే పగిలింది. ఒక షాపువాళ్లు డబ్బాలో డూప్లికేటు పెట్టి అమ్మారన్నారు, ఇంకొకరు డ్రైవర్ గుంతల్లో బండిని ఎగరేస్తున్నాడన్నారు. ఏ పార్టు పోయినా ముందు డ్రైవర్‌ను తిట్టే ఈ అలవాటు మన దగ్గర ఎప్పుడు పోతుందో నాకు అర్థం కాదు. పాపం ఆ పిల్లవాడు జీతంలో కోత పడుతుందేమోనని బిక్కచచ్చిపోయి నిలబడ్డాడు.

నార్కట్‌పల్లిలో ఒక పెద్ద మేస్త్రీ మాత్రం కొత్త గొట్టం తెమ్మనలేదు. చక్రాలకు అడ్డు పెట్టించి, డ్రైవర్‌ను బ్రేకు గట్టిగా తొక్కి మొదటి గేరులో క్లచ్ కొద్దికొద్దిగా వదలమని చెప్పి, తాను పక్క నుంచి టార్చి వేసి చూశాడు. క్లచ్ పట్టుకున్న ప్రతిసారీ ఇంజన్ ఒక పక్కకు లేచి పడుతోంది. ఇంజన్‌ను ఛాసిస్ మీద పట్టి ఉంచే మౌంటింగుల్లో గేర్‌బాక్సు వైపు రబ్బరు ఆయిల్లో నాని, ఇనుప ప్లేటు నుంచి విడిపోయి ఉంది. సైలెన్సర్ ఛాసిస్‌కు బిగించి ఉంది, ఇంజన్ ఊగుతోంది, ఆ రెండింటి మధ్య మెలి అంతా బెలోస్ మోస్తోంది. పగిలిన గొట్టాన్ని ఊడదీసి బావగారి చేతిలో పెట్టినప్పుడు నేనూ చూశాను: ముడతలన్నీ బాగానే ఉన్నాయి, చివరి ముడత అతుకు దగ్గర సగం చుట్టూ వెంట్రుకంత పగులు, దాని మీద నల్లటి మసి విసనకర్రలా పరుచుకుని ఉంది. బెలోస్ కొంచెం సాగడాన్ని, వంగడాన్ని ఓర్చుకుంటుంది గాని మెలితిప్పితే ఓర్చుకోదు. "గొట్టం ఎన్నిసార్లు మార్చినా ఇట్లనే పగులుతది సేటూ, ముందుగాల ఇంజన్ ఊగుడు ఆపుండ్రి" అన్నాడు మేస్త్రీ. మౌంటింగు రబ్బర్లు, వదులైన సైలెన్సర్ పట్టీ మార్పించి బయట దొరికిన బెలోసే వేయించారు. అది ఇప్పటికీ నడుస్తోంది.

అందుకే బెలోస్ విషయంలో కంపెనీ పేరు కంటే కొలత ముఖ్యమని నేనంటాను. పగిలి సాగిపోయిన పాత గొట్టాన్ని కొలవకుండా, రెండు వైపుల పైపులు సరిగ్గా కూర్చున్నప్పుడు వాటి మధ్య ఉండే దూరాన్ని కొలవండి. వ్యాసం, లోపలి గొట్టం, గ్యాసు పోయే దిశ సరిపోవాలి. షాపులో అయస్కాంతం పెట్టి, అంటుకోలేదు కాబట్టి అసలు స్టెయిన్‌లెస్ అని నమ్మిస్తారు. ముడతలకు వాడే 304 రకం అయస్కాంతానికి దాదాపు అంటుకోదు, నిజమే. కానీ సైలెన్సర్ డబ్బాలకు, పైపులకు విరివిగా వాడే 409 రకం స్టెయిన్‌లెస్ అయి ఉండీ అంటుకుంటుంది, మామూలు ఇనుమూ అంటుకుంటుంది. కాబట్టి సైలెన్సర్ డబ్బా కొనేటప్పుడు ఆ పరీక్షతో ఏమీ తేలదు.

ప్యాకింగులు, క్లాంపులు మాత్రం పాతవి మళ్లీ వేయించవద్దు. బండి ముందు లైట్లకు, అద్దం మీద పేర్లకు వేలు పోసే ఓనర్లు ఒక క్లాంపు దగ్గర గంటసేపు బేరమాడటం చూస్తే నాకు మనసు కష్టంగా ఉంటుంది. బిగించేటప్పుడు అన్నింటినీ వదులుగా ఎక్కించి, పైపు తనంతట తాను కూర్చున్నాక టర్బో (పొగ బయటికి వచ్చే ఇంజన్ చివర) వైపు నుంచి వెనక్కి బిగించుకుంటూ రావాలి. పైపును గడ్డపారతో తోసి బోల్టు ఎక్కిస్తే కొత్త బెలోస్ మొదటి రోజు నుంచే మెలిలో ఉంటుంది. ముడతల మీద వెల్డింగు పెట్టించవద్దు, పక్కనే మళ్లీ పగులుతుంది. ఇంకెక్కడ వెల్డింగు పెట్టించినా ముందు బ్యాటరీ వైర్లు తీయించండి, లేకపోతే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, అంటే కంట్రోల్ యూనిట్, పోవచ్చు.

పాత బండ్లలో లీకయితే చప్పుడు, వేడి, కొంత పికప్ తగ్గడంతో సరిపోయేది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక పరిస్థితి వేరు. ఈ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది; దానిలో పేరుకున్న మసి కాలడానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఫిల్టర్‌కు ముందే లీకయితే ఆ వేడి చాలక ఫిల్టర్ నిండిపోతుంది. సెన్సార్లకు బయటి గాలి తగిలితే లెక్క తప్పి, బండి బలం తగ్గించేస్తుంది. అప్పుడు కొందరు మేస్త్రీలు ఫిల్టర్ తీసేసి డమ్మీ పైపు పెడదామంటారు. దానికి ఒప్పుకోకండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం కాలుష్య ప్రమాణాలు తప్పితే మొదటిసారికే పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. పైగా ఆ పొగ పీల్చేది మన హైవే పక్క ఊళ్లవాళ్లే.

పొగలోని విషవాయువులను తగ్గించడానికి బీఎస్-6 లారీల్లో పోసే యూరియా నీళ్ల విషయంలోనూ ఇంతే. పొలంలో చల్లే యూరియా బకెట్లో కలిపి పోసేవాళ్లను మా వైపే చూశాను. ట్యాంకులో ఉండవలసింది 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగిలింది లవణాలు లేని నీరు. ఎరువు యూరియాకు 2015 నుంచి వేపనూనె పూత తప్పనిసరి; అది నాజిల్‌లో పేరుకుంటుంది, లోపల పొగను శుభ్రం చేసే కెటలిస్టును పాడుచేస్తుంది. రైతుకు అందవలసిన సబ్సిడీ సరుకును బండిలో పోసి, ఆ తర్వాత సెన్సార్ నాసిరకమని గొడవపడటం నాకు అన్యాయంగా తోస్తుంది.

మీరు మాత్రం ఇప్పుడే ఏదీ కొనకండి. పాత బెలోస్ పారేసి ఉండకపోతే పగులు టర్బో వైపు ఉందా, సైలెన్సర్ వైపు ఉందా, చుట్టూ ఉందా, ఒక పక్కే ఉందా చూడండి. క్లచ్ వదిలినప్పుడు ఇంజన్ ఎంత లేస్తోందో పక్క నుంచి వీడియో తీయించి, బండి ఏ కంపెనీదో కూడా ఇక్కడ రాయండి. మౌంటింగులు ఏ వరుసలో మార్చాలో చెప్తాను.