కనకాంబరం కొమ్మ నాటితే వస్తుందా, విత్తనమే వేయాలా?

అది రకాన్ని బట్టి. ముదురు నారింజ రంగు ‘ఢిల్లీ కనకాంబరం’ ట్రిప్లాయిడ్ మొక్క, అంటే మామూలుగా రెండు ఉండాల్సిన క్రోమోజోముల సెట్లు దీనికి మూడుంటాయి, అందుకే విత్తనం కట్టదు. కాబట్టి కొమ్మ కత్తిరించి నాటాల్సిందే. మామూలు రకాలకు విత్తనం చాలు. కాకపోతే ఎండిన వెన్ను మీద నీళ్లు పడగానే కాయలు టప్పున పేలి గింజలు ఎగిరిపోతాయి, తడవకముందే కోసి పెట్టుకోండి.

కొంచెం నీడ ఉన్నా పూస్తుంది గానీ మొక్క మొదలు దగ్గర నీళ్లు నిలిస్తే మాత్రం బతకదు. దీనికి అసలు టెన్షన్ ఎండు తెగులే. వేళ్లను మట్టిలోని నులిపురుగులు గాయపరిస్తే తెగులు సులువుగా పడుతుంది. ఒకసారి అలా చచ్చిన చోట మళ్లీ కనకాంబరం వద్దు.

పూలు రోజు విడిచి రోజు కోస్తారు. వాసన ఉండదు, అయినా త్వరగా వాడవు కాబట్టే మల్లెలతో కలిపి కడతారు.