మీ ప్రశ్న – మా జవాబు: పాత సిస్టమ్‌లో కొత్త ప్రోగ్రాం

ప్ర: ధర్మకాంటా స్లిప్పులు తీసే చిన్న కమాండ్ ప్రోగ్రాంను గో భాషలో రాసిన. నా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో మంచిగనే నడుస్తుంది. ఎనుమాముల మార్కెట్ దగ్గరి కాంటా గదిలో 32 బిట్ విండోస్ 7 ఉంది. అక్కడ ‘ఎక్సెప్షన్’ అని, పీసీ (ప్రోగ్రాం కౌంటర్) విలువ సున్నా అని చూపించి ఆగిపోతుంది. కోడ్‌లో తప్పుందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జ: కోడ్‌లో తప్పేమీ లేదు. మీ మెయిన్ ఫంక్షన్ దాకా రాకముందే ప్రోగ్రాం పడిపోతోంది. ఇప్పటి గో మొదలవుతూనే యాదృచ్ఛిక సంఖ్యల కోసం ‘ప్రాసెస్‌పీఆర్‌ఎన్‌జీ’ అనే విండోస్ ఫంక్షన్‌ను వెతుకుతుంది. విండోస్ 7లో అది లేదు కాబట్టి చిరునామా సున్నా అని వస్తుంది, ప్రోగ్రాం ఆ సున్నాకే దూకుతుంది. విండోస్ 7ను ఆదుకున్న చివరి గో 1.20. ఆ తర్వాతివన్నీ విండోస్ 10 నుంచే.

ల్యాప్‌టాప్‌లో గో 1.20.14 వేసి, ఏ రకం ప్రాసెసర్‌కు కట్టాలో చెప్పే గోఆర్చ్ విలువను 386 (అంటే 32 బిట్) అని పెట్టి మళ్లీ బిల్డ్ చేయండి. ప్రాజెక్టు వివరాలుండే గో.మాడ్ ఫైల్లో గో వెర్షన్‌ను 1.20 అనే రాయాలి. 1.22.0 లాగా మూడు భాగాలుంటే పాత గో చదవలేదు. అదే ఫైల్లో ‘టూల్‌చైన్’ వరుస ఉంటే దాన్ని కూడా తీసేయండి. స్లైసెస్, మ్యాప్స్, ఎస్‌లాగ్ ప్యాకేజీలు, మిన్, మ్యాక్స్ ఫంక్షన్లు 1.21లో వచ్చినవే. వాడి ఉంటే మార్చుకోక తప్పదు. బయటి లైబ్రరీలు కొత్త గోను అడిగితే వాటికీ పాత వెర్షన్లు పెట్టాలి. ఎక్కువ సమయం తినేది ఈ పనే.

స్లిప్పులో రంగులు వాడితే విండోస్ 7 కన్సోల్‌లో (కమాండ్లు నడిచే నల్ల కిటికీలో) బాణం గుర్తు, బ్రాకెట్, అంకెలు చెత్తగా కనిపిస్తాయి. ఆ రంగు కోడ్‌లు విండోస్ 10 నుంచి వచ్చిన కన్సోల్‌కే అర్థమవుతాయి. రంగుల కోసం కన్సోల్ మోడ్ మార్చే ఫంక్షన్ పిలుపు విఫలమైతే రంగులు ఆపేసేలా రాయండి. బరువు చూపించే కాంటా ఇండికేటర్‌కు యూఎస్‌బీ కన్వర్టర్ వాడుతుంటే ఇంకో చిక్కుంది. వేరే సాకెట్‌లో గుచ్చినప్పుడల్లా పోర్ట్ నంబర్ పెరిగి కామ్10 దాకా పోవచ్చు. పది నుంచి పైన ఉత్త పేరుతో పోర్ట్ తెరుచుకోదు. పేరుకు ముందు రెండు బ్యాక్‌స్లాష్‌లు, చుక్క, మళ్లీ ఒక బ్యాక్‌స్లాష్ పెట్టాలి.

గో 1.20కి భద్రతా సవరణలు ఆగిపోయాయి. నెట్ లేని కాంటా గదిలో ఫర్వాలేదు. లెక్కలు నెట్ మీద పంపాలంటే మాత్రం సిస్టమ్ మార్చమనే చెబుతాం.

ప్ర: ఉబుంటు 22.04లో కంపైల్ చేసిన సీ ప్రోగ్రాం మా పాత సెంట్‌ఓఎస్ 7 సర్వర్‌లో ‘జీలిబ్‌సీ 2.34 దొరకలేదు’ అంటోంది. కొత్త లిబ్‌సీ ఫైల్ కాపీ చేస్తే సరిపోతుందా?
– ఒక విద్యార్థిని, కరీంనగర్

జ: ఆ పని అస్సలు చేయకండి. జీలిబ్‌సీ అంటే లినక్స్‌లో దాదాపు ప్రోగ్రాంలన్నీ ఆధారపడే సీ లైబ్రరీ, లిబ్‌సీ దాని ఫైలే. లిబ్‌సీ తేడా వస్తే ఎల్‌ఎస్ దగ్గర్నుంచి ఎస్‌ఎస్‌హెచ్ దాకా ఏదీ నడవదు, సర్వర్‌లోకి మళ్లీ వెళ్లడమే కష్టం.

లింక్ చేసేటప్పుడు ప్రతి ఫంక్షన్‌కూ ఆ సిస్టమ్ జీలిబ్‌సీలో దానికి ఉన్న తాజా వెర్షన్ ముద్ర పడుతుంది. 2.34లో మెయిన్‌ను పిలిచే ఫంక్షన్‌కే కొత్త ముద్ర వచ్చింది. అందుకే ‘హలో’ అని రాసే ప్రోగ్రాం కూడా ఆగుతుంది. సెంట్‌ఓఎస్ 7లో ఉన్నది 2.17. పాతదానిలో కట్టింది కొత్తదానిలో నడుస్తుంది, కొత్తదానిలో కట్టింది పాతదానిలో నడవదు. కాబట్టి వేరే సిస్టమ్ వాతావరణాన్ని మీ దగ్గరే నడిపే డాకర్‌లో ‘మెనీలినక్స్ 2014’ ఇమేజ్ తెచ్చుకోండి. అది సెంట్‌ఓఎస్ 7 మీద కట్టిందే. దానిలో కంపైల్ చేసి, ప్రోగ్రాం ఫైల్లోని ముద్రలు చూపే ఆబ్జ్‌డంప్‌కు పెద్ద టీ స్విచ్ ఇచ్చి చూడండి. 2.17 దాటిన ముద్ర ఒక్కటి కూడా కనిపించకూడదు. ప్రోగ్రాం చిన్నదైతే మజల్ అనే చిన్న సీ లైబ్రరీతో స్టాటిక్‌గా, అంటే లైబ్రరీని ప్రోగ్రాంలోనే కలిపి కట్టినా చాలు. జీలిబ్‌సీనే స్టాటిక్‌గా కడితే హోస్ట్ పేర్లు వెతికే చోట ఇబ్బంది పడతారు.

ప్ర: నా షెల్ స్క్రిప్ట్‌లో ‘డిక్లేర్’కు పెద్ద ఏ స్విచ్ ఇస్తే మ్యాక్‌లో ఎర్రర్ వస్తోంది.
– ఒక పాఠకుడు, జగిత్యాల

జ: మ్యాక్‌తో వచ్చే షెల్ బ్యాష్ వెర్షన్ 3.2. మీరు వాడిన అసోసియేటివ్ అర్రే (అంకెలకు బదులు పేర్లతో వెతికేది) బ్యాష్ 4.0లో వచ్చింది. ఆ భాగాన్ని ఆక్‌లో రాసుకోండి, మ్యాక్, లినక్స్ రెండు చోట్లా నడుస్తుంది. ఫైల్లో పదాలు మార్చే సెడ్‌కు చిన్న ఐ స్విచ్ ఇచ్చి ఉంటే అదీ చూసుకోండి. మ్యాక్‌లో దాని తర్వాత ఖాళీ కోట్స్ పెట్టాలి, లినక్స్‌లో పెట్టకూడదు.