సంక్రాంతికి ఇంటికెళ్తే అమ్మానాన్నలకు థాంక్స్ ఎలా చెప్పాలి?

పండక్కి విజయనగరం వెళ్తున్నాను, పెద్ద ఖర్చు లేకుండా ఇంట్లోవాళ్ళకి కృతజ్ఞత ఎలా చూపించాలి అని అడిగారు. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. మా ఇంట్లో పనికొచ్చినవి చెప్తాను.

అమ్మకి నోటితో థాంక్స్ చెప్పే ఆలోచన ఉంటే మాత్రం మానుకోండి. మా అమ్మకి ఓసారి ఫోన్లో చెప్తే "ఏటి బావూ, ఒంట్లో బాగోలేదా?" అని టెన్షన్ పడింది.

అసలు పెద్ద పండగే అందుకు పెట్టిన పండగ. సంక్రాంతి నాడు పోయిన పెద్దలకి కొత్త బట్టలు పెట్టి, వాళ్ళకిష్టమైనవి వండి దండం పెట్టుకుంటాం. కనుమ నాడు ఎడ్లని కడిగి, కొమ్ములకి రంగులేసి పూజ చేస్తాం. పోయినవాళ్ళూ అయ్యారు, పశువులూ అయ్యాయి. ఆ వంటలన్నీ వండిన మనిషి మాత్రం పొయ్యి దగ్గరే ఉండిపోతుంది. కాబట్టి ఆవిడతోనే మొదలుపెట్టండి, అదీ చీరతో కాదు. మనం కొన్న చీర మడత విప్పకుండా బీరువాలోకి వెళ్తుంది, ఆనక ఎవరికో పెట్టుబడికి బయటకొస్తుంది.

చీర బదులు అరిసెల పని అందుకోండి. అది ఒక్కరి వల్ల అయ్యేది కాదు. బెల్లం పాకం నీళ్ళలో వేస్తే ఉండ కట్టగానే దించేయాలి. తడిపిండి ఒకరు పోస్తుంటే ఇంకొకరు చెయ్యి ఆపకుండా కలపాలి. భుజం లాగేసేది ఆ కలపడమే. మా ఇంట్లో ఇప్పుడా పని నాది. నూనెలోంచి తీసినవి చెక్కల మధ్య నొక్కేది మా తమ్ముడు. అమ్మ పీట మీద కూర్చుని "ఇంకాస్త పిండి పడతాది" అని చెప్తుంటుంది. ఆ పూట ఆవిడ చెప్పే కబుర్లు ఏడాదంతా ఫోన్లో మాట్లాడినా రావు.

నాన్నల సంగతి వేరు, వాళ్ళ చేతిలో పని లాక్కుంటే అలుగుతారు. మా నాన్నకి పొందూరు ఖద్దరు పంచె అంటే గురి. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, చేత్తో వడికి నేసే సన్నరకం కాబట్టి ధర కూడా అలాగే ఉంటుంది. మీ బడ్జెట్‌కి కండువా చాలు. అయినా మా ఇంట్లో పంచె కన్నా బాగా పనిచేసింది ఇంకొకటి. నాన్నని, ఆయన చిన్ననాటి స్నేహితుణ్ణి కలిపి అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనానికి తీసుకెళ్ళాను. దారిపొడవునా వాళ్ళిద్దరి మాటలే, నేను డ్రైవరుని మాత్రమే. ఆదివారం పెట్టుకోకండి, జనం విపరీతంగా ఉంటారు.

అప్పకో అన్నకో అయితే మాట పనిచేస్తుంది. కాకపోతే నలుగురిలో చెప్పాలి, ఏం చేశారో పేరుపెట్టి చెప్పాలి. మా అప్ప పెళ్ళికి ముందు తన జీతంలోంచి నా డిగ్రీ ఫీజు కట్టింది. ఓ పండక్కి అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు వాళ్ళత్తగారి ముందే ఆ సంగతి చెప్పాను. అప్ప "ఊరుకోరా" అంటూ పులుసు గిన్నె కోసం లేచిపోయింది. తర్వాత వాళ్ళత్తగారే "మా కోడలు తమ్ముణ్ణి చదివించింది" అని వాళ్ళ వీధంతా చెప్పుకున్నారట. నేను ఎంత ఖరీదైనది కొనిచ్చినా అంత జరిగేది కాదు.

అత్తమామల విషయంలో పెద్దగా ఏమీ అక్కర్లేదు. వాళ్ళు తీసుకెళ్ళిన చుట్టాల ఇళ్ళకల్లా మొహం చిట్లించకుండా వెళ్ళండి, ఫోన్ జేబులో పెట్టుకోండి.

తిరుగు టికెట్ ఇంకా తీయకపోతే ఒక మాట. కనుమ నాడు ఎలాగూ కదలనివ్వరు. ముక్కనుమ పొద్దున్నే బండెక్కేయకుండా రాత్రి బండికి తీసుకోండి. అప్పటికి చుట్టాలంతా వెళ్ళిపోతారు, పెరట్లో గుండిగలు, మూకుళ్ళు అంట్లు పడి ఉంటాయి. వాటిని తోమి అటకెక్కించడానికి మనిషి కావాలి.